జపాన్ సాక్సఫోన్ రికార్డుల వేటకు ఒచనొమిజు జాజ్‌టోక్యో: ఏం కొనాలి, ఎలా చూసి కొనాలి

టోక్యోలో రికార్డులమ్మే డిస్క్ యూనియన్ వాళ్లకు చాలా దుకాణాలున్నాయి. ఒచనొమిజు స్టేషన్‌కు నడక దూరంలో ఉన్న జాజ్‌టోక్యో మాత్రం పూర్తిగా జాజ్‌కే పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 30, 35 ఏళ్ల పాటు జపాన్‌లో వచ్చిన సాక్సఫోన్ రికార్డులు పోగుచెయ్యాలనుకునేవాళ్లు ముందు ఇక్కడికే వెళ్లాలి. ఇక్కడ చవగ్గా దొరుకుతాయని కాదు. ఏ రికార్డు ఎంత పలుకుతుందో ఈ దుకాణం వాళ్లకు మనకంటే బాగా తెలుసు, కాబట్టి అదృష్టం తగిలి వంద యెన్‌లకు అపురూపమైనది దొరకడం లాంటివి ఆశించకండి. ఇక్కడ మనం డబ్బు పెట్టేది నమ్మకానికి: ఒరిజినల్ (మొదటిసారి వేసిన అచ్చు) అని రాసింది ఒరిజినలే అయ్యుంటుంది, డిస్కు, జాకెట్టు ఏ స్థితిలో ఉన్నాయో విడివిడిగా రాసి ఉంటుంది, జపాన్ కళాకారుల సరుకు ఒక అరకు పరిమితం కాకుండా లోతుగా ఉంటుంది. గోడమీద వేలాడే ఖరీదైన రికార్డుల జోలికి పోకుండా అరల్లో ఓపిగ్గా వెతికేవాళ్లకు ఈ దుకాణం బాగా గిట్టుబాటవుతుంది.

స్టేషన్ బయట వీధంతా గిటార్ల షాపులు, మెయిజి యూనివర్సిటీ విద్యార్థుల సందడి. పాత పుస్తకాల జింబోచో కూడా అక్కణ్ణించి నడిచిపోయేంత దగ్గర. లోపలికి అడుగుపెట్టాక మొదటి ఇబ్బంది లిపి. జపాన్ కళాకారులకు వేరే అరలుంటాయి, వాటికి 'వ-జాజ్' అని పేరు. ఆ అరల్లో పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉండవు. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. జపాన్ అక్షరాల వరుస బౌద్ధ భిక్షువుల సంస్కృతాధ్యయనం వల్ల ఏర్పడింది, అందుకే అది మన వర్ణమాల వరుసలోనే నడుస్తుంది: ముందు అచ్చులు, తర్వాత క, మన 'చ' ఉండాల్సిన చోట స, ఆ తర్వాత త, న, మన 'ప' చోట హ, ఆపైన మ, య, ర, వ. ఇంటిపేరును బట్టి చూసుకోవాలి. కింద చెప్పబోయే సాక్సఫోన్ వాద్యకారుల్లో అబే, ఇనగాకి, ఉయెమత్సు మొదట్లోనే తగులుతారు. సకాతా, తోకి, నకమురా మధ్యలో. మత్సుకజే, మత్సుమోతో, మినే, మియజావా 'మ'లో వరసగా ఉంటారు, అంటే జపాన్ సాక్సఫోన్‌లో సగం సంపద ఆ ఒక్క అక్షరం కిందే ఉంది. సదావో వతనబే అన్నిటికంటే చివర. చూడాల్సిన ఇంటిపేర్లు జపాన్ లిపిలో ఒక చీటీ మీద రాసుకెళ్తే పని సగం తేలికవుతుంది. విభాగం పలకలు చదవలేకపోయినా ఆకారం పోల్చుకుంటే చాలు.

ప్రతి పాత రికార్డు ప్లాస్టిక్ కవరు మీదా ధర చీటీ ఉంటుంది. దాన్ని చదవడం నేర్చుకోవాలి. డిస్కుకు ఒక అక్షరం, జాకెట్టుకు ఒక అక్షరం. 'ఎ' అంటే బావుందని, 'బి' అంటే వాడిన గుర్తులు కనిపిస్తాయని, 'సి' దాకా దిగితే అది వినడానికి కాక గుర్తుగా దాచుకోవడానికేనని అనుకోండి. పాత రికార్డుల వ్యాపారంలో ఈ గ్రేడు మామూలుగా వెలుగులో కంటితో చూసి ఇచ్చేది. అందుకని 'ఎ' ఉన్న డిస్కులో కూడా చిటపటలు ఉండొచ్చు, 'బి' ఉన్న డిస్కు నిశ్శబ్దంగా మోగొచ్చు. అక్షరాల పక్కన చిన్నగా రాసే మాటలు అంతకంటే ముఖ్యం. సురే అంటే పైపై రాపిడి, దాంతో పెద్ద బాధ లేదు. కిజు అంటే గీత. సోరి అంటే వంపు. షిమి అంటే జాకెట్టు మీద గోధుమరంగు మచ్చలు. కాబి అంటే బూజు. మిహోన్‌బాన్ అని ఉంటే అది రేడియో వాళ్లకూ పత్రికలకూ ఉచితంగా పంపిన నమూనా కాపీ. డిస్కు మధ్య అతికించే లేబుల్ తెల్లగా ఉంటుంది. తొలి స్టాంపర్లతో, అంటే ఇంకా అరగని అచ్చుదిమ్మలతో, అచ్చయ్యి ఉంటుందన్న ఆశతో దీనికి ఎక్కువ పెట్టేవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ తేడాకు ధర రెట్టింపు చేసుకోనక్కర్లేదు.

పాత జపాన్ రికార్డుల్లో కనిపించే జబ్బు ఒకటుంది, దాన్ని బినియాకె అంటారు. 1960లు, 70లలో చాలా కంపెనీలు డిస్కును పీవీసీ ప్లాస్టిక్ లోపలి కవరులో పెట్టి అమ్మాయి. ఆ పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థం ఏళ్ల తరబడి కారి, డిస్కు పైపొరతో కలిసిపోతుంది. గీతలేమీ ఉండవు, డిస్కు మెరుస్తూనే ఉంటుంది. కానీ దీపానికి ఏటవాలుగా పట్టుకుని తిప్పితే నూనె చేత్తో అద్దాన్ని తుడిచినట్టు తెల్లటి మసక పొర కనిపిస్తుంది. కొన్నిసార్లు కవరు ముడత పడిన ఆకారంలోనే గీతలుగా ఉంటుంది. మోగించినప్పుడు ఒక పక్క నుంచి ఎడతెగని 'షూ' మోత వస్తుంది, అది ప్రతి చుట్టుకూ పెరిగి తగ్గుతుంది. ఎంత కడిగినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు, వినైలే పాడైంది. సాక్సఫోన్ ఒంటరిగా మోగే నెమ్మది పాటల్లో ఈ మోత భరించలేం. చీటీ మీద ఈ మాట లేకపోయినా, పీవీసీ కవరు ఉన్న డిస్కును దీపం కింద చూడకుండా కొనకండి.

మరొకటి లేబుల్ మధ్య రంధ్రం. ప్లేయర్ కడ్డీకి సరిగ్గా గురిపెట్టకుండా పెట్టిన ప్రతిసారీ లేబుల్ మీద సన్నటి మెరుపుగీత పడుతుంది. వ్యాపారులు దాన్ని హిగే, అంటే మీసం అంటారు. డిస్కు ఎన్నిసార్లు మోగిందో చెప్పే నిజాయితీ సాక్షి అదే. పైకి అద్దంలా ఉన్నా లేబుల్ నిండా మీసాలుంటే, బరువైన పాత ప్లేయర్ ముల్లుతో అరిగిపోయిన కాపీ అనుకోవచ్చు. జపాన్‌లో కాఫీ తాగుతూ రికార్డులు వినే జాజ్ కిస్సాలు చాలా ఉండేవి. అవి మూతపడ్డాక వాటి సరుకు ఇలాంటి దుకాణాలకే చేరింది. అలాంటి కాపీల జాకెట్టు మీద స్టాంపో, నంబరు చీటీయో ఉంటుంది.

ఏ అచ్చో తేల్చుకోవడం సంఖ్యలతో పని. జాకెట్టుకు ఎడమవైపు చుట్టిన కాగితపు పట్టీ, ఒబి, దానిమీద ధర ఉంటుంది. 1970 ప్రాంతంలో 2,000 యెన్‌ల దగ్గర ఉన్న ఎల్పీ ధర 1973 చమురు సంక్షోభం తర్వాత 2,300కు, 2,500కు పాకింది. 1969 నాటి రికార్డు ఒబి మీద 2,500 కనిపిస్తే అది పునర్ముద్రణే. 1970ల రెండో సగం నుంచి కొన్ని కంపెనీలు ధరను కేటలాగు నంబరులోనే పెట్టేశాయి. సీబీఎస్ సోనీ రికార్డు నంబరు 25ఏపీతో మొదలైతే 2,500 యెన్‌లు, 15ఏపీ అయితే 1,500 యెన్‌ల చవక అచ్చు. నిప్పన్ ఫోనోగ్రామ్ వాళ్ల 15పీజే కూడా అంతే. ఈ 1,500 యెన్‌ల అచ్చులే ఇవాళ కొనేవాళ్లకు నిజమైన లాభం: జపాన్‌లోనే ఉన్న మాస్టర్ టేపు నుంచి, వినైల్ నాణ్యత బాగున్న రోజుల్లో చేసినవి, పైగా ఒరిజినల్ ధరలో చిన్న భాగం. సీడీల కాలం లెక్కించడానికి అమ్మకం పన్ను చూడండి. 1989 ఏప్రిల్ నుంచి 3 శాతం, 1997 ఏప్రిల్ నుంచి 5 శాతం, 2014 ఏప్రిల్ నుంచి 8 శాతం. ఒబి మీద పన్నుతో 2,500, పన్ను లేకుండా 2,427 అని ఉంటే అది 1989, 97 మధ్య అచ్చు. 2,381 అని ఉంటే ఆ తర్వాతిది.

ఇక ఎవరివి కొనాలి. వతనబే అర అన్నిటికంటే వెడల్పు, అన్నిటికంటే చవక కూడా. 1933లో ఉత్సునొమియాలో పుట్టిన ఈయన 1962లో బోస్టన్‌లోని బర్‌క్లీకి వెళ్లి 1965లో తిరిగొచ్చారు. తిరిగొచ్చాక ఆయనా, ఆయన చుట్టూ చేరినవాళ్లూ జపాన్ జాజ్ దారినే మార్చారు. తక్త్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) కోసం 1967లో చేసిన 'ఐబీరియన్ వాల్ట్జ్'ని మొదట పట్టుకోండి. వతనబే వాయించేది ఆల్టో, అంటే టెనర్ కంటే చిన్న, పై స్వరాల సాక్సఫోన్. ఇందులో ఆయన పక్కన రెండో ఆల్టో అమెరికన్ చార్లీ మరియానో. తర్వాతి కాలంలో దక్షిణ భారతానికి వచ్చి నాదస్వరం నేర్చుకున్నదీ, కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్‌తో 1983లో ఈసీఎమ్ లేబుల్‌కు 'జ్యోతి' చేసిందీ ఈ మరియానోయే. కద్రి గోపాల్‌నాథ్ సాక్సఫోన్‌కు అలవాటుపడ్డ చెవులకు ఈ ఇద్దరు ఆల్టోల సంభాషణ వెంటనే పట్టుబడుతుంది. 1969 నాటి 'పాస్టరల్', చిక్ కొరియా, మిరొస్లావ్ విటౌష్, జాక్ డిజానెట్‌లతో న్యూయార్క్‌లో చేసిన 1970 నాటి 'రౌండ్ ట్రిప్', ఈ రెండూ సీబీఎస్ సోనీవి. 'రౌండ్ ట్రిప్' అమెరికాలో వాన్‌గార్డ్ కూడా వేసింది, కానీ జపాన్ అచ్చు దొరికే చోట అది ఎందుకు కొనాలి? 1976లో హ్యాంక్ జోన్స్ ఉన్న గ్రేట్ జాజ్ ట్రియోతో ఈస్ట్ విండ్ లేబుల్‌కు చేసిన 'ఐయామ్ ఓల్డ్ ఫ్యాషన్డ్' అచ్చమైన బీబాప్, అంటే 1940ల అమెరికా వేగపు జాజ్ శైలి. పైన చెప్పిన 15పీజే లాంటి చవక అచ్చులు వెతకాల్సింది ఇలాంటివాటికే. 1978 నాటి 'కాలిఫోర్నియా షవర్' విపరీతంగా అమ్ముడైన రికార్డు. దాన్ని ఇక్కడ కొనక్కర్లేదు, ఊళ్లో పాత సామాన్లమ్మే ఏ హార్డ్‌ఆఫ్ దుకాణం జంక్ పెట్టెలోనైనా కొన్ని వందల యెన్‌లకే దొరుకుతుంది.

అయితే మనసు పెట్టి వెతకాల్సింది అకిరా మియజావా కోసం. టెనర్ సాక్సఫోన్, ఫ్లూట్. 1927లో పుట్టారు, 2000లో పోయారు. జపాన్ జాజ్ అమెరికా అనుకరణ దాటి సొంత గొంతు వెతుక్కున్న తొలి ఆనవాళ్లు ఆయన వాద్యంలో వినిపిస్తాయి. విక్టర్ లేబుల్‌కు 1962లో చేసిన 'యమమే', 1969లో చేసిన 'ఇవానా' ఈ అరకు ప్రాణం. రెండూ సెలయేటి చేపల పేర్లే. 'ఇవానా'ను బుల్ ట్రౌట్ అనే ఇంగ్లీషు పేరుతో కూడా జాబితాల్లో వేస్తారు, కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి. మియజావా స్వరం గట్టిగా అరవదు. ఒక స్వరం మొదలుపెట్టే ముందు ఊపిరి రీడ్ (మూతి దగ్గర అదిరే పలుచని పుల్ల) మీద తాకే చప్పుడు, స్వరం చివర అది గాలిగా చెదిరిపోవడం, ఇవన్నీ ఆయన వాద్యంలో భాగమే. అందుకే ఈయన రికార్డులకు స్థితి చాలా ముఖ్యం. నేపథ్యంలో మోత ఉన్న కాపీలో ముందు పోయేది ఆ ఊపిరే. మసక పడిన ఒరిజినల్‌కు పదివేల యెన్‌లు దాటి పెట్టేకంటే శుభ్రమైన పునర్ముద్రణ ఎల్పీయో, కాగితపు జాకెట్టుతో వచ్చే సీడీయో తీసుకోవడం మేలు.

1950ల నాటి శబ్దం కావాలంటే హిదెహికో మత్సుమోతో ఉన్నారు. అందరూ 'స్లీపీ' అంటారు. డ్రమ్మర్ జార్జ్ కవగుచి బిగ్ ఫోర్‌తో దేశమంతా పేరు తెచ్చుకున్న టెనర్, 1963లో మాంటెరే జాజ్ ఉత్సవంలో వాయించారు. అప్పటి సరుకు 10 అంగుళాల ఎల్పీలు, 78 వేగపు షెల్లాక్ డిస్కులు. షెల్లాక్ కొంటే రెండు సంగతులు. వీటికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి, మామూలు స్టీరియో ముల్లు 0.7 మిల్ కాబట్టి గాడి అడుగున దొర్లి మోతే వినిపిస్తుంది. రెండోది, ఆల్కహాల్ ఉన్న ద్రావణంతో షెల్లాక్ తుడవకూడదు, కరిగిపోతుంది. 1954 జూలైలో యొకొహామాలోని మొకాంబో క్లబ్బులో తెల్లవారేదాకా జరిగిన జామ్ సెషన్ టేపులు కూడా ఈ కాలానివే. అవి 1970లలో ఎల్పీలుగా వచ్చాయి. కుర్ర వతనబే, మియజావా ఇద్దరూ ఉన్నారు. శబ్దం గరుకే. కానీ పియానో దగ్గరున్న షోతారో మొరియాసు మరుసటేడే చనిపోయారు, ఆయన వాద్యం ఇంకెక్కడా ఇంత నిడివిలో దొరకదు. దీనికి సీడీ చాలు. ఒరిజినల్ టేపులోనే లేని వివరం ఖరీదైన అచ్చులోకి రాదు.

1970 జూన్‌లో టకేషి ఫుజీ మొదలుపెట్టిన త్రీ బ్లైండ్ మైస్ లేబుల్ గురించి వేరే చెప్పాలి. ఈ లేబుల్ మొదటి రికార్డు, టీబీఎమ్-1, సాక్సఫోనిస్టుదే: కోసుకే మినే 'మినే'. ఆల్టో, సోప్రానో, పక్కన ట్రాంబోన్, ఎలక్ట్రిక్ పియానో. ఇంజనీర్ యొషిహికో కన్నారి పద్ధతి దగ్గర మైకులు, నిండైన బాస్. డ్రమ్ముల మీది బ్రష్షులు కూడా స్పీకరు ముందుకొచ్చి నిలబడతాయి. ఈ లేబుల్‌లో పియానో రికార్డులకు ఆడియో పిచ్చివాళ్లలో వచ్చినంత పేరు సాక్సఫోన్ రికార్డులకు రాలేదు. కొనేవాళ్లకు అది మంచిదే. హిదెఫుమి తోకి 1975 నాటి 'తోకి' ఆల్టో, సెయిచి నకమురా 'ఫస్ట్ కాంటాక్ట్' టెనర్, తకావో ఉయెమత్సు 'డెబ్యూ', ఈ మూడూ చేతికొస్తే వదలకండి. డిస్క్ యూనియన్ సొంత లేబుల్ థింక్ రికార్డ్స్ ఇలాంటివి కాగితపు జాకెట్ల సీడీలుగా వేసింది. అవి అయిపోతే మళ్లీ వెంటనే వెయ్యరు, పాత సీడీల అరలో చూడాలి. మినే ఇంకో రికార్డు 'ఫస్ట్', 1970లో ఫిలిప్స్ వేసింది, పియానో మసాబుమి కికుచి. ఒరిజినల్ గోడమీదే కనిపిస్తుంది. లండన్ లేబుల్ బీబీఈ దీన్ని 'జె జాజ్ మాస్టర్‌క్లాస్' వరుసలో మళ్లీ వేసింది, అది తీసుకుని నిశ్చింతగా ఉండండి.

బీబీఈ వాళ్లే 2018లో 'జె జాజ్' సంకలనం తెచ్చి జపాన్ బయట ఈ సంగీతానికి గిరాకీ పెంచారు, ఆ మేరకు పాత అచ్చుల ధరలూ పెరిగాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ సంకలనం మంచి దారిపటం. ఆల్టో వాద్యకారుడు కోయిచి మత్సుకజే చువో యూనివర్సిటీ 427వ నంబరు గదిలో చేసిన 'ఎట్ ద రూమ్ 427', ఆయనదే 1978 నాటి 'ఎర్త్ మదర్', తోరు ఐజావా క్వార్టెట్ విద్యార్థులుగా 1975లో చేసిన 'తచిబానా' ఈ వరుసలో వచ్చాయి. 'తచిబానా' మొదట చాలా కొద్ది కాపీలే వేసిన సొంత అచ్చు, దాని ఒరిజినల్ కోసం ఎదురుచూడటం దండగ.

కట్టుబాట్లు లేకుండా అప్పటికప్పుడు వాయించే ఫ్రీ జాజ్ వైపు వెళ్లేవాళ్లు కవోరు అబేతో మొదలుపెడతారు. 1949లో పుట్టి 1978లో, ముప్పై నిండకుండానే పోయిన ఆల్టో వాద్యకారుడు. గిటారిస్టు మసాయుకి తకయనాగితో 1970లో చేసిన 'కైతైతెకి కోకాన్' ఒరిజినల్ లేదనుకోండి, అంత తక్కువ అచ్చయింది. కోజిమా రికార్డింగ్స్ వేసిన రెండు ఎల్పీల 'నషికుజుషి నో షి' అప్పుడప్పుడు కనిపిస్తుంది. నేను చెప్పేది మాత్రం సీడీలే. డిస్క్ యూనియన్ లేబుల్ డీఐడబ్ల్యూ గయా క్లబ్బులో ఆయన ఒంటరిగా వాయించినవి 10 సీడీలుగా తెచ్చింది, పీఎస్ఎఫ్ లేబుల్ మరికొన్ని వేసింది. దీనికి కారణం సాంకేతికమే. ఎల్పీ పక్క చివరికి వచ్చేసరికి గాడి చుట్టు చిన్నదవుతుంది, ముల్లు ఒక సెకనులో తక్కువ దూరమే నడుస్తుంది, పై స్వరాలు చిరుగుతాయి. అబే ఆల్టోను దాని హద్దు దాటించి అరిపించేది సరిగ్గా ఆ పై స్వరాల్లోనే. అది ఆయన ఉద్దేశించిన చిరుగుడో ముల్లు చిరుగుడో ఎల్పీలో తేల్చుకోవడం కష్టం.

యోసుకే యమషితా ట్రియో తొలి సాక్సఫోనిస్టు సెయిచి నకమురా, 1972 నుంచి అకిరా సకాతా. సకాతా జ్వాలను వినాలంటే 1974లో జర్మనీ మోయర్స్ ఉత్సవంలో రికార్డయిన 'క్లే' తీసుకోండి. దీన్ని మ్యూనిక్ లేబుల్ ఎన్యా వేసింది, కాబట్టి జర్మన్ అచ్చే ఒరిజినల్. జపాన్ ఒబి ఉందని ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

జిరో ఇనగాకి టెనర్ వాయించి నడిపిన సోల్ మీడియా రికార్డులు ఫంక్ డీజేల పుణ్యమా అని మండిపోతున్నాయి. 1975 నాటి 'ఫంకీ స్టఫ్' పునర్ముద్రణ చాలు. ఆయన బృందంతో అమెరికన్ సాక్సఫోనిస్టు స్టీవ్ మార్కస్ 1971 జనవరిలో నిప్పన్ కొలంబియాకు చేసిన 'సమ్‌థింగ్' మాత్రం చరిత్ర కోసం కొనదగ్గది: డిజిటల్ పద్ధతిలో రికార్డయి అమ్మకానికి వచ్చిన తొలి ఎల్పీల్లో అదొకటి.

గోడమీది సరుకు కొనాలనే పట్టుదల ఉంటే ఒబిని పరీక్షించడం నేర్చుకోండి. ఒబి ఉన్నదానికీ లేనిదానికీ ధర తేడా చాలా ఉంటుంది, అందుకే నకలు ఒబిలు తయారయ్యాయి. పేరున్న దుకాణాలు నకలైతే నకలని రాస్తాయి. ఆన్‌లైన్‌లో తెలియని అమ్మకందారు దగ్గర ఆ భరోసా ఉండదు. ఒబిని కొద్దిగా పక్కకు జరపమని అడిగి, దాని కింద జాకెట్టు రంగు చూడండి. 50 ఏళ్లు వెలుతురు తగిలిన జాకెట్టు వెలిసిపోతుంది, ఒబి కప్పిన మేర మాత్రం కొత్తగా ఉంటుంది. ఆ రెండు రంగుల సరిహద్దు ఒబి అంచుతో కలవాలి. కలవకపోతే ఆ ఒబి వేరే కాపీదో నకలుదో. మడత దగ్గర కాగితం నారలు లేచి ఉండాలి. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు పదునుగా ఉండాలి, చుక్కలుగా విడిపోతే అది స్కాన్ చేసి అచ్చేసింది. అలాగే, తోషిబా వాళ్ల పాత ఎర్ర వినైల్ చూసి పరిమిత ప్రతి అనుకోకండి. దుమ్ము పట్టకుండా చేసిన మామూలు ఎవర్‌క్లీన్ వినైల్ అది.

కొనేముందు వినిపించమని అడగాలి. రెండు నిమిషాలే ఇస్తారనుకుని ఏం వినాలో ముందే నిర్ణయించుకోండి. మొదట పాటకూ పాటకూ మధ్య ఖాళీ గాడి, బినియాకె మోత అక్కడే తెలుస్తుంది. తర్వాత పక్క చివరి పాటలో సాక్సఫోన్ గట్టిగా మోగే చోటు, అరుగుదల అక్కడ. చివరగా పొడవైన ఒకే స్వరం. రంధ్రం సరిగ్గా మధ్యలో లేని డిస్కులో ఆ స్వరం ప్రతి చుట్టుకూ ఊగుతుంది. పియానో, సాక్సఫోన్ రెండూ కలిసి ఊగితే తప్పు డిస్కుది, సాక్సఫోన్ ఒక్కటే ఊగితే అది వాద్యకారుడి కంపితం.

లోపాలూ చెప్పాలి. ఇంగ్లీషులో మాట్లాడితే అన్నిసార్లూ జవాబు రాదు, ఫోన్లో రికార్డు జాకెట్టు బొమ్మ చూపించడమే సులువు. వారాంతాల్లో అరల ముందు నిలబడే చోటు దొరకదు, వారం మధ్యలో వెళ్లండి. చీటీ మీది వివరాలు జపనీస్‌లోనే. కొత్తగా వచ్చిన పాత సరుకును వాళ్లు ముందే సైట్లో ప్రకటిస్తారు, దాంతో మంచివి తలుపులు తెరిచిన మొదటి గంటలోనే పోతాయి. అన్నిటికంటే పెద్ద లోటు ధరే: గుర్తింపు ఉన్న కళాకారుల దగ్గర బేరం అనే మాటకు తావు లేదు. పేరు తక్కువగా వినిపించే తోకి, ఉయెమత్సుల దగ్గరే మీ డబ్బుకు విలువ.

ఇంటికి తేవడం గురించి. జాకెట్టుతో కలిపి మామూలు ఎల్పీ 250 నుంచి 300 గ్రాములు, కాబట్టి 20 రికార్డులు 5, 6 కిలోలు. కొత్త 180 గ్రాముల అచ్చులైతే ఇంకా ఎక్కువ. జాకెట్టు 31.5 సెంటీమీటర్ల చదరం. మీ క్యాబిన్ పెట్టె లోపల, పిడి కడ్డీలు పోగా, అంత చోటుందో కొలుచుకుని బయల్దేరండి. చెక్-ఇన్‌లో వేస్తే డిస్కును జాకెట్టు లోంచి తీసి, వేరే కవరులో జాకెట్టు వెనక పెట్టండి. లోపలే ఉంచితే పెట్టె పడ్డప్పుడు డిస్కు అంచు జాకెట్టు పైకుట్టును చీల్చుకుని బయటికొస్తుంది. బిల్లు చేతిలో ఉంచుకోండి, కస్టమ్స్ వాళ్లు అడిగితే గోడమీది ధరలు ఊహించి లెక్కకట్టే అవకాశం ఇవ్వకూడదు. విమానాశ్రయం నుంచి వచ్చే దారిలో, ముఖ్యంగా వేసవిలో, ఎండలో ఆపిన కారులో పెట్టె వదలకండి. వినైల్ వంకరపోవడానికి ఒక మధ్యాహ్నం చాలు.

చేరాక మొదటి పని పీవీసీ లోపలి కవర్లన్నీ తీసి పాలిథీన్ లేదా కాగితం కవర్లు వెయ్యడం. అచ్చుబొమ్మ ఉన్న పాత కవరైతే పారెయ్యకుండా జాకెట్టు వెనక విడిగా దాచండి. బూజు ఉన్న డిస్కును మిగతావాటి దగ్గరికి చేర్చకముందే కడగాలి: డిస్టిల్డ్ వాటర్‌లో ఐదో వంతు మించకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొన్ని చుక్కలు ఫొటోల వాళ్లు వాడే వెటింగ్ ఏజెంట్, గాడి వెంబడి మెత్తటి బ్రష్‌తో రెండుసార్లు, ఆ తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో. ఆ బ్రష్ వేరే డిస్కులకు వాడకండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు జాకెట్టును కూడా రెండు రోజులు ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. టోక్యోలో నిద్రపోయిన బూజు అక్కడి తేమకు వారంలో లేస్తుంది. బయటి ప్లాస్టిక్ కవర్ల మూతి అతికించకుండా తెరిచి ఉంచండి. అరలో నిటారుగా, వేలు దూరేంత వదులుగా పెట్టి, పక్కన సిలికా జెల్ ఉంచి, వానాకాలంలో నెలకోసారి మార్చండి.